బాపు గేటు మీటింగులు, నేను రాసిన దరఖాస్తులు

మా ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి గ్రాంథిక భాష దరఖాస్తుల భాష. "మహారాజశ్రీ గని మేనేజరు గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి, "కావున తమరు దయయుంచి నా విన్నపమును పరిశీలించి తగు న్యాయము చేయ ప్రార్థన" అని ముగించడం ఏడో తరగతికి వచ్చేసరికే నాకు కంఠతా వచ్చేసింది. మా బాపు గోదావరిఖనిలో కోల్ ఫిల్లరు. భూగర్భంలో షాట్లు పేల్చిన తరువాత రాలిన బొగ్గును తట్టా చెమ్మస్‌తో టబ్బుల్లోకి ఎత్తిపోయడం ఆయన పని. ఆయన సంతకం చేయగలడు, గోడల మీది నినాదాలను కూడబలుక్కుని చదవగలడు, అంతకు మించి చదువు లేదు. అయినా తోటి కార్మికులు ఆయనను సంఘం తరఫున తమ గనికి పిట్ కార్యదర్శిని చేసుకున్నారు. ఆ సంఘం ఏదో ఇక్కడ చెప్పను; చెబితే చదివేవారిలో సగం మంది మిగతాది చదవకుండానే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారని సింగరేణి ఊళ్లలో పుట్టి పెరిగిన నాకు బాగా తెలుసు.

మొదటి షిఫ్టు దిగిన వాళ్లు స్నానం చేసి, అన్నం తిని, సాయంత్రానికి మా క్వార్టరు ముందుకు వచ్చేవారు. ఒక్కొక్కరిదీ ఒక్కో గోడు. ఫిల్లర్లు పీస్ రేటు కార్మికులు కనుక నింపిన టబ్బుల లెక్కను బట్టే కూలీ వచ్చేది. టబ్బులు రాకనో, టబ్బులను లాగే హాలరు చెడిపోయో, పని చోట పైకప్పు బాగాలేకనో, తమ తప్పేమీ లేకుండా ఖాళీగా కూర్చోవలసి వచ్చిన రోజుకు ఇచ్చే వేతనాన్ని ఫాల్‌బ్యాక్ వేజ్ అంటారు. అది పే షీటులో పడిందా లేదా అన్నదే సగం దరఖాస్తుల సారాంశం. బదిలీ ఫిల్లర్లది మరో బాధ. పర్మినెంటు కార్మికుడు నాగా పెట్టిన రోజునే వాళ్లకు పని దొరికేది. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు (హాజర్లు), ఉపరితలంలో అయితే 240 మస్టర్లు నిండితే తప్ప వాళ్లకు ఒక నిలకడ వచ్చేది కాదు. నూట ఎనభై దాటి ఆగిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆ అరుగు మీదే చూశాను.

అన్నిటికన్నా చిక్కైనవి మారుపేర్ల దరఖాస్తులు. తొలిరోజుల్లో పనికి పేరు రాయించుకున్నవాడు ఒకడైతే బాయిలోకి, అంటే గనిలోకి, దిగినవాడు మరొకడు. అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద బామ్మర్ది చేరిపోయి, ఇరవై ముప్పై ఏళ్లు ఆ పేరుతోనే మస్టరు పడి, ఆ పేరుతోనే జీతం తీసుకున్నారు. ఊరిలో పొలం కాగితాల మీద ఒక పేరు, పిల్లల బడి రికార్డులో అదే పేరు, గని రికార్డులో మాత్రం వేరే పేరు. ప్రావిడెంట్ ఫండ్ తీసుకోవలసిన రోజున, లేదా కొడుకు ఉద్యోగానికి కాగితాలు పెట్టవలసిన రోజున ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు చేయడం బ్రహ్మప్రళయమయ్యేది. ఒకాయన చెప్పుకుంటూ పోతుంటే నేను తెలివిగా ఆయన మాటలను కాస్త సవరించి రాయబోయాను. బాపు కాగితం వైపు చూడకుండానే పసిగట్టాడు. "బిడ్డా, ఆయన చెప్పింది ఆయన చెప్పినట్టే రాయి. రేపు ఆఫీసుల దొర అడిగితే జవాబు చెప్పేది ఆయన, నువ్వు కాదు" అన్నాడు. ఒకరి తరఫున మాట్లాడడమంటే ఏమిటో ఆ తరువాత చాలామంది చెప్పగా విన్నాను, అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

సంఘాల చరిత్ర మాకు పుస్తకాల ద్వారా రాలేదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడనీ, 1889లో అక్కడ తవ్వకం మొదలైందనీ, 1920లో సంస్థకు సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చిందనీ నేను తరువాత ఎప్పుడో చదువుకున్నాను. బాపుకు తెలిసిన చరిత్ర వేరు. కొత్తగూడెం నుంచి బదిలీ మీద వచ్చిన ముసలి కార్మికులు నిజాం కాలంలో సంఘం పెట్టడమంటే ప్రాణాలతో చెలగాటమనీ, మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటి వాళ్లు కార్మికుల నడుమ తిరిగి సంఘం కట్టారనీ, దేవూరి శేషగిరి ఆ ఉద్యమంలోనే ప్రాణాలు విడిచాడనీ చెప్పేవారట. ఆ పేర్లను బాపు పల్లెలో పెద్దలు వంశవృక్షం చెప్పే పద్ధతిలో చెప్పేవాడు, ముందు ఎవరు, వెనుక ఎవరు అన్న వరుస తప్పకుండా. ఏఐటీయూసీ కూడా 1920లోనే పుట్టిందని తెలిసినప్పుడు, సంస్థ పేరూ దేశంలోని తొలి కేంద్ర కార్మిక సంఘం పేరూ ఒకే ఏటివని ఆయనకు చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

నేను దరఖాస్తులు రాయడం మొదలుపెట్టక ముందు, 1981లో, 56 రోజుల సమ్మె జరిగింది. మా తరం సింగరేణి పిల్లలకు అది ఒక ఘటన కాదు, ఒక కాలమానం. ఫలానావాడు ఎప్పుడు పుట్టాడంటే "యాభై ఆరు రోజుల సమ్మెకు ముందు" అనేవారు. దాని మూలం అప్పటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉంది. పది మంది, అంతకు మించి కార్మికులు కూడబలుక్కుని నోటీసు లేకుండా పని మానితే, మానినది ఒక్కరోజే అయినా, ఎనిమిది రోజుల వేతనం వరకు కోయడానికి ఆ చట్టం వీలు కల్పించేది. ఆ కోత మీద రగిలిన కోపమే సమ్మెగా మారింది. దానిని పెద్ద సంఘాల నాయకత్వం పిలుపునిచ్చి నడపలేదు. బాయి గేటు దగ్గర నుంచి బాయి గేటు దాకా కార్మికులే అందుకున్నారు. సింగరేణి కార్మిక సమాఖ్య ఆ నేపథ్యంలోనే ఆవిర్భవించింది. ఆ సంస్థ తరువాతి ప్రయాణం, దాని మీద వచ్చిన నిర్బంధం, ఆ రోజుల భయం వేరే కథ, దానిని సరిగా చెప్పగలిగినవాళ్లు నాకన్నా ఎక్కువ చూసినవాళ్లు.

నాకు గుర్తున్నది బాపు సంకటం. ఆయన ఒక సంఘానికి బాధ్యుడు, ఆ సంఘం ఇవ్వని పిలుపు మీద ఆయన గని కార్మికులు బయట కూర్చున్నారు. మొదటి కొద్ది రోజులు ఆయన గేటు వైపు వెళ్లలేదు, ఇంట్లోనూ ఉండలేదు. ఎక్కడికి పోయేవాడో మా అవ్వకే (అమ్మకే) తెలియదు. తరువాత ఒక పొద్దున వెళ్లి అందరితో పాటు కూర్చున్నాడు. సంఘం ఆఫీసులో ఎవరో నిలదీశారట. "నన్ను పిట్ కార్యదర్శిని చేసింది ఆఫీసు కాదు, ఆ బయట కూసున్నోళ్లే" అని వచ్చేశాడని మా పక్కింటి మామ చాలా ఏళ్ల తరువాత చెప్పాడు. బాపు మాత్రం ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, సంఘాన్ని వదలనూ లేదు.

సమ్మె అంటే ఎర్రజెండాలూ ఊరేగింపులూ అనుకునేవారికి అవ్వ లెక్కలు తెలియవు. ఆమె బీడీలు చుట్టేది. మామూలు రోజుల్లో ఆ డబ్బు పండుగ బట్టలకూ మా నోటు పుస్తకాలకూ సరిపోయేది, సమ్మె రోజుల్లో ఇల్లు దాని మీదే నడిచింది. కిరాణా కొట్టులో ఖాతా ఎంత దూరం సాగుతుందో, ఏ సరుకు మానేస్తే పిల్లలకు తెలియకుండా ఉంటుందో, అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి బియ్యం తేవడానికి ఎవరిని పంపాలో ఆమెకు ముందే తెలుసు. క్వార్టర్ల వరుసలో ఆడవాళ్లందరికీ ఇలాంటి లెక్క ఒకటి ఉండేది. సమ్మె ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మగవాళ్ల నినాదాల కన్నా ఆ లెక్కల మీదే ఎక్కువ ఆధారపడి ఉండేదని నా నమ్మకం. ఇంతా చేసి, గేటు మీటింగులో మాట్లాడమని ఆ వరుసలో ఒక్క ఆడమనిషిని పిలవగా నేను చూడలేదు. గనుల చట్టం ప్రకారం భూగర్భంలో స్త్రీలకు పని నిషిద్ధం. 2019లో కేంద్రం షరతులతో దానిని సడలించేదాకా అదే పరిస్థితి. కార్మికురాలు కాదు కనుక సంఘంలో లేదు, సంఘంలో లేదు కనుక మాటకు చోటు లేదు. ఈ విషయంలో బాపు కూడా మిగతావాళ్ల కన్నా మెరుగేమీ కాదు.

గేటు మీటింగు గురించి కొంచెం వివరంగానే చెప్పాలి. షిఫ్టు మారే వేళ, ఒకరు దిగేందుకు, మరొకరు ఇంటికి పోయేందుకు తొందరపడుతున్న సమయంలో, మస్టరు పడే చోటుకూ ల్యాంప్ రూముకూ మధ్య ఉన్న ఖాళీ జాగాలో నాయకుడు ఏ ఎత్తైన చోటో చూసుకుని నిలబడతాడు. వినేవాళ్లకు తీరిక ఉండదు కనుక సుదీర్ఘ ఉపన్యాసానికి అవకాశం లేదు. కోరిక ఏమిటి, యాజమాన్యం ఏమంది, ఇప్పుడు మనమేం చేద్దాం, ఈ మూడు ముక్కల్లోనే తేలిపోవాలి. గుంపులోంచి ఎవరో ఒకరు అడ్డుపుల్ల వేస్తారు, దానికి అక్కడికక్కడే జవాబు చెప్పలేని నాయకుడిని తరువాతి మీటింగుకు ఎవరూ నిలబడి వినరు. బాపు గొంతు పెద్దది కాదు. కానీ ఎవరి సమస్యను ఎత్తినా ఆ మనిషి పేరూ, పనిచేసే జిల్లా ఏదో, ఎన్ని మస్టర్లు పోయాయో కాగితం లేకుండా చెప్పేవాడు. (భూగర్భంలో పనిస్థలాలను విభజించి ఒక్కో భాగాన్ని జిల్లా అనేవారు.) ఆ పేర్లన్నీ నేను రాసిన దరఖాస్తుల్లోవే కనుక, ఒకటి రెండుసార్లు చిన్నతమ్ముడిని ఎత్తుకుని ఆ దారిన పోతూ విన్నప్పుడు నాకు లోలోపల గర్వంగా ఉండేది.

అప్పటి చట్టం లెక్క ప్రకారం సమ్మెకు ఒక క్రమం ఉండేది. ప్రజోపయోగ సేవగా ప్రకటించిన పరిశ్రమలో కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వవలసి ఉండేది. నోటీసు అందగానే కేంద్ర కార్మిక శాఖ అధికారి రెండు పక్షాలనూ పిలిచి రాజీకి ప్రయత్నించేవాడు, ఆ చర్చలు నడుస్తుండగా సమ్మెకు దిగితే అది చట్టవిరుద్ధం అయ్యేది. బొగ్గు గనులు కేంద్రం పరిధిలోనివి కనుక హైదరాబాదులోని ప్రాంతీయ లేబర్ కమిషనరు ఆఫీసు పేరు మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. అయితే నేను పెరిగిన కాలంలో జరిగిన పనిబందులలో చాలావాటికి ఈ క్రమమేదీ ఉండేది కాదు. ఒక గనిలో పని చేయించే ఒక సర్దారుకూ ఫిల్లరుకూ మాటామాటా వచ్చినా షిఫ్టు ఆగిపోయేది.

ఎంత పెద్ద సమ్మె అయినా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. భూగర్భ గనిలో నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, పంపులు ఆగితే పని చోట్లు మునిగిపోతాయి. ఫ్యాను ఆగితే విషవాయువు చేరుతుంది. అందుకని సమ్మె పెట్టిన రోజు రాత్రే నాయకులు కూర్చుని ఏ పంపు ఆపరేటరు లోపలికి వెళ్లాలి, ఫ్యాను దగ్గర ఎవరుండాలి, ఎలక్ట్రీషియన్లలో ఎవరికి మినహాయింపు అన్న జాబితా తయారుచేసేవారు. ఆ జాబితా కూడా కొన్నిసార్లు నేనే రాశాను. బొగ్గు తీయబోమని పట్టుబట్టినవాళ్లే బాయి చెడిపోకుండా రాత్రంతా కాపలా కాయడం చిన్నప్పుడు నాకు వింతగా తోచేది. బాపును అడిగితే, "సమ్మె దొరతోటి, బాయితోటి కాదు" అన్నాడు.

1990లకు వచ్చేసరికి పరిస్థితి చేయి దాటింది. సంఘాలు పదుల సంఖ్యలో పెరిగాయి. పెద్ద సంఘాల చీలికలు, వృత్తుల వారీ సంఘాలు, ఒక మనిషి చుట్టూ ఏర్పడినవి, ఇలా ఎవరికి వారే నోటీసులు ఇచ్చేవారు. ఒక సంఘంతో కుదిరిన ఒప్పందాన్ని మరో సంఘం మర్నాడే తోసిపుచ్చేది. సంస్థ నష్టాల్లో కూరుకుపోయి ఆ దశాబ్దంలో రెండుసార్లు, నష్టాల్లో పడిన సంస్థల సంగతి తేల్చే కేంద్ర బోర్డు అయిన బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. నష్టాలకు కారణం సమ్మెలేనని ఒక పక్షం, బొగ్గు ధర మీద నియంత్రణా పెట్టుబడుల భారమూ అసలు కారణాలని మరో పక్షం వాదించుకునేవి. రెండింటిలోనూ నిజం ఉందని నా అభిప్రాయం. కానీ ఒక సంగతి మాత్రం మా అరుగు మీద కూర్చుని చూసినా కనిపించేది: సంఘాలు ఎక్కువైన కొద్దీ బాపు దగ్గరికి వచ్చే మనుషులకు పని కావడం తగ్గింది. ఒకే దరఖాస్తును ముగ్గురు నాయకుల చేత పెట్టించి, ఎవరివల్ల పనైతే వారికి చందా కట్టడం మొదలైంది. బాపుకు అది చాలా కష్టంగా ఉండేది.

ఆ అయోమయానికి విరుగుడుగా వచ్చింది 1998 సెప్టెంబరు నాటి రహస్య ఓటింగు. 1958లో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సు ఒక క్రమశిక్షణా నియమావళిని ఆమోదించింది. యాజమాన్యం ఏ సంఘాన్ని గుర్తించాలి, గుర్తింపు పొందిన సంఘానికి ఏ హక్కులుంటాయి అన్నవి అందులో ఉన్నాయి. దేశంలో చాలాచోట్ల సభ్యత్వ రసీదులు లెక్కపెట్టి గుర్తింపు ఇస్తుండగా, సింగరేణిలో కార్మికుడు నేరుగా ఓటు వేసి గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే పద్ధతి వచ్చింది. ఎన్నికలు జరిపేది యాజమాన్యం కాదు, కేంద్ర కార్మిక శాఖ అధికారులు. రసీదు పుస్తకాల లెక్కలో ఎంత మాయ జరుగుతుందో బాపుకు తెలుసు. ఒకే మనిషికి నాలుగు సంఘాల రసీదులు ఉండేవి. అందుకే ఆయన ఈ పద్ధతిని మొదటి నుంచీ సమర్థించాడు, తన సంఘంలోనే కొందరు అనుమానించినా.

అప్పటికి నాకు పెళ్లై మంచిర్యాలలో ఉంటున్నాను. పోలింగుకు ముందు పుట్టింటికి వస్తే ఊరంతా శాసనసభ ఎన్నికల్లా ఉంది. గోడల నిండా గుర్తులు, ఆటోలకు మైకులు, హైదరాబాదు నుంచి వచ్చిన నాయకులు. బాపు మొదటి షిఫ్టుకు పోయేటప్పుడు వేసుకునే చొక్కా కాక, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఓటుకు వెళ్లాడు. శాసనసభకు ఓటు వేయడానికి ఎన్నడూ అంత ముస్తాబు కాలేదు. తొలిసారి ఏఐటీయూసీ గెలిచింది, 2001లోనూ అదే గెలిచింది. 2003లో మరో కేంద్ర సంఘం ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ, 2012లోనూ 2017లోనూ తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచాయి.

ఓటింగు తరువాత వచ్చిన మార్పును నేను తేలికగా తీసివేయను. గనుల దగ్గర చీటికీ మాటికీ జరిగే పనిబందులు తగ్గిపోయాయి. గని స్థాయిలో మేనేజరుతో, ఏరియా స్థాయిలో జనరల్ మేనేజరుతో, పైన కార్పొరేట్ స్థాయిలో డైరెక్టరుతో స్ట్రక్చర్ మీటింగులు జరిగే ఏర్పాటు వచ్చింది. ఒక సమస్య కింద తేలకపోతే మెట్టు మెట్టుగా పైకి పోతుంది, ప్రతి మెట్టు దగ్గరా రాతపూర్వకంగా జవాబు ఉంటుంది. బాపు నోటిమాటగా చేసుకొచ్చిన పనికి ఒక ఫైలు ఏర్పడింది. సంస్థ లాభాల బాట పట్టాక కార్మికులకు లాభాల్లో వాటా వచ్చింది; 2024లో ఆ వాటా 33 శాతానికి చేరింది. జీతాల ఒప్పందం మాత్రం ఎప్పటిలాగే పైన, దేశంలోని బొగ్గు పరిశ్రమ అంతటికీ కలిపి జేబీసీసీఐ అనే ఉమ్మడి కమిటీలో కేంద్ర సంఘాలు కూర్చుని చేసుకునేది. 2023 మేలో సంతకాలైన పదకొండో ఒప్పందంలో 19 శాతం కనీస ప్రయోజనం వచ్చింది.

పోయింది కూడా ఉంది. పిట్ కార్యదర్శి క్రమంగా ఎన్నికల ఏజెంటుగా మారాడు. హామీలు బాయి గేటు స్థాయి నుంచి ముఖ్యమంత్రి సభ స్థాయికి పెరిగిపోయాయి. సొంతింటి పథకం, ఆదాయపు పన్ను మాఫీ, వారసత్వ ఉద్యోగాలు వంటివి ఏ యాజమాన్యమూ తన చేతుల మీదుగా ఇవ్వలేనివని తెలిసి కూడా కరపత్రాల్లో అచ్చయ్యేవి. ఫాల్‌బ్యాక్ వేజ్ గురించి కరపత్రం అచ్చు వేసిన సంఘాన్ని నేను చూడలేదు. ఈలోగా ఫిల్లర్లే లేకుండా పోయారు. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి, పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టులు పెరిగాయి, 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూగా ఉంది. బొగ్గు పైన ఉండే ఓబీ మట్టి తీసే పని చేసే కాంట్రాక్టు కార్మికులు వేల సంఖ్యలో ఉన్నా ఈ ఓటింగులో వాళ్లకు ఓటు లేదు. ప్రాతినిధ్యం గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా ఈ ఒక్క విషయం దగ్గర నేను ఆగిపోతాను.

ఎవరూ పెద్దగా తలుచుకోని మరో ప్రాతినిధ్యం గనుల్లో ఉంది. గనుల నిబంధనల ప్రకారం కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, కార్మికులతో కూడిన రక్షణ కమిటీ ఉంటుంది. పైకప్పు ఎలా ఉంది, గాలి సరిగా ఆడుతున్నదా, ఆధారాలు పెట్టారా అని తిరిగి చూసి రిజిస్టరులో రాసే హక్కు అతడికి ఉంది. 2003 జూన్‌లో గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది చనిపోయిన తరువాత, కొన్నాళ్లపాటు మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఆ రిజిస్టరు గురించే మాట్లాడారు. బాపు అప్పటికి రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టరుగా వెళ్లే కుర్రవాడిని పిలిచి, చూసింది చూసినట్టు రాయమనీ, సంతకం పెట్టే ముందు చదువుకోమనీ చాలాసేపు చెప్పాడు. నాకు చెప్పిన మాటే, కాస్త గట్టిగా.

2011 సెప్టెంబరు 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు ఆయన రిటైరై ఇంట్లో ఉన్నాడు. సింగరేణి కార్మికులు దాదాపు 35 రోజులు ఆ సమ్మెలో నిలిచారు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, కరెంటు ఆగితే దేశం వింటుంది అన్న సూత్రాన్ని అందరూ అప్పుడు కనిపెట్టినట్టు మాట్లాడారు కానీ బొగ్గుబాయి మనుషులకు అది ఏనాటి నుంచో తెలిసిన సంగతే. తమ్ముడు అప్పటికి పర్మినెంటు కార్మికుడు. జీతం లేని ఆ రోజుల్లో మా మరదలు ఇంటి ఖర్చు కాగితం మీద వేస్తుంటే అవ్వ పక్కన కూర్చుని సవరణలు చెప్పింది. ఆ సమ్మె కోరిక కార్మికుల కోరిక కాదు, ప్రజలందరిదీ. జీతం కోసం చేసే సమ్మెలో గెలిచిందీ ఓడిందీ ఒప్పందం మీద సంతకంతోనే తెలుస్తుంది, ఇందులో అలా తెలియదని బాపు అప్పుడే అన్నాడు.

తరువాతి సమ్మెల్లో నాకు ముఖ్యంగా కనిపించినవి రెండు. 2017 జూన్‌లో వారసత్వ ఉద్యోగాల కోసం జాతీయ సంఘాలు పిలుపునిచ్చిన సమ్మె ఒకటి. అందులో గుర్తింపు సంఘం ఒక వైపు, మిగతా సంఘాలు మరో వైపు నిలిచాయి. తండ్రి ఆరోగ్యం చెడితే కొడుకుకు ఉద్యోగం అన్నది మా ఊళ్లలో కేవలం జీతం సంగతి కాదు, ఆ ఇంట్లో క్వార్టరు నిలబడుతుందా లేదా అన్న సంగతి. రెండోది 2021 డిసెంబరు 9 నుంచి మూడు రోజులు జరిగినది. కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణిఖని బ్లాకులను కేంద్రం వేలానికి పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అన్ని సంఘాలూ కలిసి చేశాయి. ఒకే టెంటు కింద అన్ని రంగుల జెండాలు కనిపించిన ఫొటోను తమ్ముడు పంపితే బాపు ఫోను దగ్గరికి తెచ్చుకుని, జెండాల కింద కూర్చున్న వాళ్లలో తనకు తెలిసినవాళ్లు ఎవరున్నారా అని వెతికాడు.

రిటైరైన కార్మికుడికి ఏ ఎన్నికలోనూ ఓటు లేదు. 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకంలో పెరిగే ధరలకు తగ్గట్టు పెరిగే ఏర్పాటు లేదు కనుక, మొదట్లో ఎంత నిర్ణయమైతే అంతే వస్తూ ఉంటుంది. దానికోసం ఎవరి దగ్గరికి పోవాలి? ఓటు లేనివాడి దరఖాస్తుకు స్ట్రక్చర్ మీటింగులో చోటు ఎక్కడిది? జీవితమంతా ఇతరుల దరఖాస్తులు మోసినవాడు తన పింఛను విషయంలో మాత్రం ఒక్క కాగితమూ రాయించలేదు. నేను రాస్తానంటే, "ఎవలకు రాస్తవు?" అన్నాడు. ఆయన విసుగుతో అనలేదు, నిజంగానే అడ్రసు అడిగాడు.

2023లో శాసనసభ ఎన్నికల వల్ల హైకోర్టు ఆదేశంతో వాయిదా పడిన గుర్తింపు సంఘం ఎన్నికలు డిసెంబరు 27న జరిగాయి. నూటికి తొంభైకి పైగా ఓటు వేశారు. చట్టసభల ఎన్నికల్లో మనకు అంత పోలింగు అరుదుగా కనిపిస్తుంది. సంస్థ మొత్తానికి లెక్క చూస్తే ఏఐటీయూసీ గెలిచి గుర్తింపు సంఘమైంది, ఏరియాల వారీగా చూస్తే పదకొండింటిలో ఆరు ఐఎన్‌టీయూసీకి వచ్చి అక్కడ అది ప్రాతినిధ్య సంఘమైంది. తమ్ముడు పనిచేసే ఏరియా ఆ ఆరింటిలో ఒకటి. పై స్థాయిలో చర్చకు కూర్చునేది ఒక సంఘం, కింద జనరల్ మేనేజరు ముందు కూర్చునేది మరొకటి. పండుగకు అందరం కలిసినప్పుడు తమ్ముడు తన పదోన్నతి సమస్య చెప్పి, ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాలని బాపును అడిగాడు.

బాపు ముందు ఆ సమస్య ఏమిటో మొత్తం విన్నాడు. ఎప్పటి నుంచి, ఏ సీనియారిటీ జాబితాలో, ఎవరి తరువాత నీ పేరు ఉండాలి అని మూడు నాలుగు ప్రశ్నలు వేశాడు. "ఇది ఏరియాలోనే తేలే పని. పైకి తీస్కపోతే ఆర్నెల్లు తిరుగుతవు. ముందుగాల గెలిచినోళ్ల దగ్గరికి పో, వాళ్లు నీ జెండా కాదని మొహమాటపడకు" అని, నా వైపు తిరిగి కాగితం తీయమన్నాడు. తమ్ముడికి తెలుగు బాగానే వచ్చు, ఫోనులో టైపు కూడా చేయగలడు. అయినా దరఖాస్తు నేనే రాశాను, ఈసారి దివ్యసముఖం తీసేసి.